బెంగళూరులో అగేవ్: నీళ్ళు పోయకపోయినా అడుగు ఆకులు ఎందుకు మెత్తబడతాయి?

గేటు పక్క నాలుగడుగుల జాగాలో పసుపు అంచు అగేవ్ నాటారు, ఎడారి మొక్క కదా అని నీళ్ళు దాదాపు పోయట్లేదు, అయినా సెప్టెంబరులో అడుగు ఆకులు పసుపు తిరిగి మెత్తబడ్డాయి. ఇదీ మీ ప్రశ్న.

మీరు పోయకపోయినా వాన పోస్తోంది కదండీ. బెంగళూరులో ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైనే వాన, అందులో పెద్ద వాటా ఆగస్టు నుంచి అక్టోబరు లోపే. అలాగని అగేవ్‌కి వానే పడదనుకోకండి. దాని సొంతగడ్డ మెక్సికోలోనూ చాలా చోట్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలుంటాయి. కాకపోతే అక్కడ రాళ్ళ వాలు మీద ఉంటుంది, పడ్డ నీరు పడ్డట్టే జారిపోతుంది. మాది అనంతపురం వైపు. చేల గట్ల మీద, రైలు కట్ట పొడుగునా కిత్తనార ఎవరూ పట్టించుకోకుండానే పెరుగుతుంది, అదీ అగేవ్ జాతే. అక్కడ వాన తక్కువన్నది సరే, గట్టు ఎత్తుగా ఉండటం కూడా దానికి కలిసొచ్చింది. మీ గేటు పక్క మట్టి, ఇల్లు కట్టేటప్పుడు ఇటుకల లారీలూ మేస్త్రీలూ తొక్కి తొక్కి గట్టిపరిచిన ఎర్రమట్టి. ఒక బకెట్ నీళ్ళు గుమ్మరించి చూడండి, గంట తర్వాత కూడా నిలిచే ఉంటే మొక్క చెయ్యగలిగిందేమీ లేదు.

ముందు చేత్తో పట్టి చూడండి. అట్టడుగు ఆకు గోధుమరంగుకి తిరిగి కాగితంలా ఎండితే అది ముసలి ఆకు, దాని దారిన అది పోతోంది. తడిగా, మెత్తగా ఉండి వాసన వస్తే కుళ్ళు. అప్పుడు మొదలు పట్టుకుని మెల్లగా కదపండి. గట్టిగా ఉంటే బతుకుతుంది. ఊగితే పైకి తీసేసి, నల్లబడ్డ వేళ్ళూ మెత్తటి ఆకులూ తెల్లటి గట్టి భాగం కనిపించేదాకా కోసి, వాన తగలని నీడలో కోతలు పొడిబారేదాకా ఆరనివ్వాలి. ఆ కొద్దిరోజులు మట్టి లేకపోతే చస్తుందేమో అని భయపడక్కర్లేదు.

తిరిగి నాటేది మాత్రం దిబ్బ మీదే. మా ఇంట్లో అడుగున్నర ఎత్తు పోశాం: సగం ఎర్రమట్టి, మిగతా సగం బేబీ జెల్లీ (సన్న కంకర), ముతక ఎం-శాండ్ (రాయి నలగ్గొట్టి చేసే ఇసుక). ఎం-శాండ్ అలాగే వేసేయకండి, అందులో ఉండే పొడి తడిసి సిమెంటులా పట్టేస్తుంది. జల్లించి, కడిగి వాడండి. నర్సరీ నుంచి వచ్చిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ముద్ద వేళ్ళకి అంటుకుని ఉంటే మొత్తం దులిపెయ్యాలి. చుట్టూ ఎంత మంచి మట్టి పోసినా మధ్యలో ఆ ముద్ద తడి పట్టుకుని కూర్చుంటుంది. మొక్కని కొంచెం ఏటవాలుగా నాటితే ఆకుల మధ్య కూడా నీరు నిలవదు. మొదలు చుట్టూ మట్టి కనపడకుండా జెల్లీ పరవండి.

ఎండ సంగతి: ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కని మార్చిలో ఒక్కసారిగా ఎండలో పెడితే తెల్ల మచ్చలు పడతాయి, అవి మళ్ళీ పోవు. వానల తర్వాత మార్చడం మేలు. ఫిబ్రవరి నుంచి మే దాకా మట్టి పూర్తిగా ఎండాక ఒకసారి బాగా తడపండి, చాలు.

నన్నడిగితే గేటు దగ్గర ఈ రకమే వద్దంటాను. పసుపు అంచుది ఐదారడుగుల వెడల్పుకి వస్తుంది, ప్రతి ఆకు కొసకీ సూది. ఆ చోట అటెన్యువేటా అనే అగేవ్ పెట్టండి, దానికి ముల్లే ఉండదు, కాస్త నీడైనా ఓర్చుకుంటుంది. చిన్న జాగాకి విక్టోరియా రెజీనే అనే రకం ఇంకా అందం, కానీ పెరుగుదల నత్తనడక. మొగ్గలో ఒకదానికొకటి అదుముకుని ఉన్నప్పటి పక్క ఆకు అచ్చు, విచ్చుకున్నాక తెల్ల గీతలుగా ఆకు మీద మిగిలిపోతుంది. పొద్దున ఏటవాలు వెలుగులో చూడండి, ఎంత బాగుంటుందో.

చాలా రకాలు పూస్తే ఆ మొక్క చచ్చిపోతుంది, కానీ అమెరికానాకి (మీ పసుపు అంచుది ఇదే) అప్పటికే పక్క పిల్లలు బోలెడు ఉంటాయి. ఇప్పుడు మీరు ఆకులు కోస్తారు కాబట్టి ఒక్కమాట: రసం ఒంటికి తగిలితే సూదుల్లాంటి స్ఫటికాల వల్ల దురద, మంట. ఫుల్ చేతుల చొక్కా, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా కత్తి పట్టుకోకండి.