అద్దంలో కనిపించే సోఫా

ప్రశ్న: విజయవాడ పుస్తక ప్రదర్శనలో కొన్న ఒక కళా పుస్తకంలో జర్మన్ చిత్రకారుడు అడాల్ఫ్ మెంజెల్ వేసిన ఖాళీ గది బొమ్మ చూశాను. మనుషులు లేరు, కథ లేదు. పాత జర్మన్ రాజ్యం ప్రష్యాను ఏలిన ఫ్రెడరిక్ మహారాజు చరిత్రకు బొమ్మలు వేసిన మెంజెల్ ఈయనేనా? ఈ గదిలో చూడవలసినది ఏమిటి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆయనేనమ్మా. ఆ చరిత్ర పుస్తకానికి వేసిన సుమారు 400 బొమ్మలతోనే మెంజెల్‌కు పేరొచ్చింది. తండ్రిది రాతి అచ్చు పని. 1832లో ఆయన పోయేనాటికి మెంజెల్‌కు పదహారేళ్లు. ఇల్లు గడవడం కోసం ఎవరు ఏది అడిగితే అది గీశారు.

గవర్నరుపేటలో కూర్చుని నలభై ఏళ్లు వారపత్రికల కథలకు బొమ్మలు వేసినవాణ్ణి, ఆ బతుకు నాకు తెలుసు. కథ చేతికి రాగానే ఎవరు ఏడుస్తున్నారు, ఎవరు తలుపు దగ్గర నిలబడ్డారు అని వెతుక్కుంటాం. అచ్చు బ్లాకులో పట్టనిది, కథకు పనికిరానిది వదిలేస్తాం. అలా వదిలేసినవన్నీ మీరు చూసిన గదిలో ఉన్నాయి.

అది 1845 నాటి 'బాల్కనీ గది'. అట్ట మీద తైలవర్ణాలు, ఎత్తు 58 సెంటీమీటర్లు, వెడల్పు 47. తెరిచిన తలుపులోంచి గాలి వచ్చి పల్చటి తెరను లోపలికి నెడుతోంది. నేల మీద ఎండ పడింది. రెండు కుర్చీలు ఒకదానికొకటి వీపు పెట్టుకుని ఉన్నాయి. ఇప్పుడు నిలువుటద్దం చూడండి. అందులో సోఫా, దాని పైన పటం స్పష్టంగా ఉన్నాయి. అవి ఉండవలసిన ఎడమ గోడ వైపు చూస్తే సోఫా సరిగా ఆనదు, రంగు మరక ఒకటి మాత్రం ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను అచ్చు తప్పు అనుకుని ఇంకో పుస్తకం తెప్పించాను. అందులోనూ అంతే! మెంజెల్ అక్కడ కావాలనే ఆగారని నా నమ్మకం. కథకు బొమ్మ వేసేటప్పుడు అలా ఆగడం మా చేత కాదు, సంపాదకుడు ఒప్పుకోడు.

ఈ బొమ్మను ఎవరూ అడగలేదు. బెర్లిన్ జాతీయ చిత్రశాల కొన్నది 1903లో, అంటే వేసిన 58 ఏళ్లకు. ఇలాంటి బొమ్మలు చాలావరకు 1905లో ఆయన పోయాకే జనం కంటపడ్డాయి. 1872–75 మధ్య వేసిన ఇనుప కర్మాగారం బొమ్మ మాత్రం ఆయన ఉండగానే పేరు పొందింది. రెండున్నర మీటర్ల వెడల్పున్న ఆ బొమ్మలో కూడా నా కన్ను నిప్పులాంటి ఇనుము మీద కన్నా, కుడి మూలన కూర్చుని అన్నం తింటున్న కూలీల మీదే ఆగుతుంది.

మీ పుస్తకంలో వెలుగు పసుపుగా అచ్చయి ఉంటే మరో ప్రతి చూడండి. ఆ ఎండ అంత పచ్చగా ఉండదు.