డీఎండీ ఉన్న పిల్లాడి తల్లిగా చెప్తున్నా, తమ్ముడూ

మా ఆరేళ్ళ బాబుకు డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ (డీఎండీ, కండరాల బలం రానురాను తగ్గిపోయే జబ్బు) అని తేలి నెలైంది, అప్పట్నుంచి మా ఆవిడ నిద్రపోవట్లేదు, ఎవరితోనూ మాట్లాడట్లేదు, ఏం చేయాలి అని మీరు అడిగారు. మాది మునుగోడు వైపు. మా బాబుకు ఇప్పుడు 14 ఏళ్ళు, అదే జబ్బు.

చిన్నప్పుడు వాడు పరిగెత్తలేక పడిపోతుంటే, తొడల మీద చేతులు ఆనించి లేస్తుంటే ఊళ్ళో అందరూ ఫ్లోరైడ్ నీళ్ళ వల్లే అన్నారు. మా దగ్గర కాళ్ళకు ఏమొచ్చినా ముందు ఆ మాటే వస్తుంది, మేమూ నమ్మాం, రెండేళ్ళు అట్లనే పోయాయి. చివరికి హైదరాబాద్‌లో రక్తపరీక్ష, తర్వాత జీన్ టెస్ట్. నాకూ టెస్ట్ చేస్తే నా నుంచే వచ్చిందని తేలింది. అది విని అత్తమ్మ "మీ పుట్టింటి రోగం మా ఇంటికి తెచ్చినవ్" అంది. బాబుకు అన్నం కలుపుతున్నా అదే మాట, స్నానం చేయిస్తున్నా అదే మాట. పొలం దగ్గర బావి వైపు పోవాలంటే నా మీద నాకే భయం వేసేది.

మీ ఆవిడను ఎవరైనా ఏమైనా అన్నారేమో మెల్లగా కనుక్కోండి. ఎవరూ అనకపోయినా తనను తానే తిట్టుకుంటూ ఉండొచ్చు. ఈ జబ్బు తెచ్చే జీన్ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకు ఆ ఎక్స్ ఒక్కటే ఉంటుంది, అందుకే జబ్బు ఎక్కువగా వాళ్ళకే వస్తుంది, కానీ దాదాపు మూడోవంతు పిల్లల్లో ఆ లోపం తల్లిలో లేకుండా కొత్తగానే పుడుతుంది. తల్లి నుంచి వచ్చినా అది ఆమె తిన్నదాని వల్లో చేసినదాని వల్లో వచ్చింది కాదు. జెనెటిక్స్ డాక్టరమ్మ ఇదంతా బొమ్మ గీసి మా ఆయన ముందే చెప్పింది. ఇంటికొచ్చాక ఆయన వాళ్ళమ్మతో "ఇంకోసారి ఆ మాట ఈ ఇంట్లో వినపడొద్దు" అన్నాడు. చాలా నెలల తర్వాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

అంతటితో అంతా పోలేదు. పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతున్నారని ఊళ్ళో అంటారేమోనని ఆరు నెలలు ఆగాం, ఆ ఆరు నెలలూ ఊరికే నరకం పడ్డాను. తర్వాత నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించుకుంటే డిప్రెషన్ అని మాత్రలు రాశారు, మెల్లగా తేరుకున్నాను. రాత్రిపూట టెన్షన్ ఆగకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. "నేను లేకుంటే బాగుండు" లాంటి మాట ఆమె నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇంకొకటి, నిద్ర. మీ బాబు ఇంకా నడుస్తున్నాడు. నడక ఆగిపోయి ఒంట్లో బలం తగ్గాక రాత్రి తనంతట తాను పక్కకు తిరగలేడు, మా వాణ్ని మూడు నాలుగు సార్లు తిప్పాలి. ఒంటిగంట దాకా మా ఆయన చూస్తాడు, తర్వాత నేను. ఈ పంపకం మేము చాలా ఆలస్యంగా మొదలుపెట్టాం, మీరు ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

ఇది మీ ఆవిడకు చూపించండి. నాతో మాట్లాడాలనిపిస్తే ఇక్కడే రాయమనండి, మధ్యాహ్నం బాబు పడుకున్నాక రోజూ చూస్తుంటాను.