కహికి రెస్టారెంట్ వస్తువులు దొరకట్లేదా? ఇలా వెతకండి

నాన్నగారు చదువుకునే రోజుల్లో వెళ్లిన కహికి రెస్టారెంట్ గుర్తుగా ఏదైనా పాత వస్తువు కొందామని ఆన్‌లైన్‌లో వెతుకుతున్నారా? ఫ్రోజెన్ ఎగ్ రోల్ డబ్బాలే కనిపిస్తున్నాయంటే, మీరు ఒట్టి ‘కహికి’ అని వెతుకుతున్నట్టే. ఆ పేరుతో ఫ్రోజెన్ ఫుడ్ బ్రాండ్ కూడా ఉంది. మీ నాన్నగారు అమెరికాలోని ఒహాయోలో చదువుకునేటప్పుడు వెళ్లింది కొలంబస్‌లోని కహికి సప్పర్ క్లబ్, అంటే పసిఫిక్ దీవుల అలంకరణతో ఉండే రెస్టారెంట్. 1961లో తెరిచారు, 2000లో మూసి కూల్చేశారు.

1. పేరుతోపాటు ‘కొలంబస్’, అది ఉన్న వీధి పేరు ‘ఈస్ట్ బ్రాడ్ స్ట్రీట్’ కలిపి వెతకండి. మగ్గుల కంటే ముందు అగ్గిపెట్టెలు, మెనూలు, పోస్ట్‌కార్డులు చూడండి.

2. అమ్మేవాళ్లను వస్తువు వెనక వైపు ఫొటో అడగండి. అడ్రస్‌లో జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) ఉంటే అది 1963లో గానీ ఆ తర్వాత గానీ వచ్చినదే. లేనంత మాత్రాన పాతదని తేల్చలేం.

3. చాలామంది వదిలేసేది ఇదే. ఏదీ కొనకముందే నాన్నగారి మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి, అదీ ఫొటోలు చూపించకుండా. చూపిస్తే ఫొటోలో ఉన్నదే చెబుతారు, అసలు జ్ఞాపకం పక్కకు పోతుంది. రెస్టారెంట్ బయట తలమీద మంటలతో నిలబడ్డ మోయై విగ్రహాలు (ఈస్టర్ దీవి రాతి తలల్లాంటివి), మిస్టరీ డ్రింక్ అనే కాక్‌టెయిల్ తెచ్చేటప్పుడు మోగించే గంట, ఇవేవీ మీరు అందించొద్దు. “ఎవరితో వెళ్లారు? ఎక్కడ కూర్చున్నారు?” అంతే అడిగి ఆగండి. నేను మా పెద్దవాళ్లతో తొందరపడి ఫొటోలు ముందే చూపించాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఫొటోలు రెండో రోజు చూపించి మళ్లీ రికార్డు చేయండి.