అద్దె కాగితం వెనక నుంచి చదవాలి

(ఇల్లు, అద్దె, అడ్వాన్సు తగాదాలపై పాఠకుల ప్రశ్నలు. ముప్పై నాలుగేళ్లు హైదరాబాదు కోర్టుల్లో అద్దె కేసులు వాదించి విశ్రాంతి తీసుకుంటున్న న్యాయవాది జవాబులు.)

ప్రశ్న: లాయరుగారికి నమస్కారం. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కొండాపూర్‌లో రెండు వందల గజాల్లో స్టిల్టు మీద నాలుగంతస్తులు కట్టుకున్నాను. ఎనిమిది ఫ్లాట్లు. ఒకదానిలో మేముంటూ, మిగతావి టులెట్ బోర్డు పెట్టుకుని నేనే అద్దెకిచ్చుకుంటున్నాను. ఇప్పుడు ఒక హాస్టల్ కంపెనీవాళ్లు వచ్చి ఏడు ఫ్లాట్లూ తొమ్మిదేళ్లకు తీసుకుంటామంటున్నారు. ఏటా ఐదు శాతం పెంపు, ఐదో తారీకులోగా బ్యాంకులో జమ, అద్దెవాళ్లతో తలనొప్పి ఉండదట. ఒప్పందం ముప్పై ఎనిమిది పేజీలు, నకలు జత చేశాను. మా అబ్బాయి సంతకం పెట్టేయమంటున్నాడు, మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?
(పేరు ప్రచురించవద్దన్నారు, హైదరాబాదు)

జవాబు: అద్దె కాగితం ఏది చేతికొచ్చినా నేను చివరి పేజీల నుంచి చదువుతాను. మొదటి పేజీల్లో అద్దె, పెంపు, జమ తేదీ ఉంటాయి. అవి మీకు కాఫీ తాగుతూ నోటితో చెప్పినవే. ఎవరు ఎప్పుడు వెళ్లిపోవచ్చు, వెళ్తూ ఏం వదిలి వెళ్తారు అన్నది ముప్పయ్యో పేజీ దాటాక గానీ రాదు. మీ కాగితంలో 31వ పేజీ చూడండి. తొమ్మిదేళ్లూ మీరు కదలడానికి లేదు. కంపెనీ మాత్రం ఆరు నెలలు గడిస్తే చాలు, రెండు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. అంటే మీ చేతిలో ఉన్నది తొమ్మిదేళ్ల అద్దె కాదు, ఎనిమిది నెలల అద్దె. మిగతాది వాళ్ల ఇష్టం.

ఇంత పెద్ద కంపెనీ మీ భవనాన్ని కొనకుండా అద్దెకే ఎందుకు అడుగుతోందో ఆలోచించారా? మన నగరాల్లో కోటి రూపాయల ఫ్లాటుకు ఏడాదికి వచ్చే అద్దె మూడు లక్షలు, మహా అయితే నాలుగు. అదే కోటి అప్పు తెస్తే వడ్డీ ఎనిమిది తొమ్మిది లక్షలు. ఆ లెక్క తెలిసిన వ్యాపారి ఇల్లు కొనడు. మనలాంటివాళ్లు పీఎఫ్ డబ్బు, భార్య నగలు, ఊళ్లో ఎకరం కలిపి కట్టిన ఇంటిని తీసుకుని, హాలుకు ప్లైవుడ్ గోడ కొట్టించి, మంచాల లెక్కన అద్దెకిస్తాడు. మీరు ఒక కుటుంబానికి ఇచ్చే రెండు పడగ్గదుల ఫ్లాటులో ఆరు మంచాలు పడతాయి. మీ వీధిలో మంచానికి ఎంత పలుకుతోందో సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు అడిగి రండి. అందులోంచి తిండి, పనివాళ్లు, ఖాళీ మంచాల నష్టం తీసేయండి. వాళ్లకు మిగిలేదెంతో అంచనా దొరుకుతుంది. అది తప్పని నేననను. మంచాలు నిండినన్నాళ్లూ లాభం వాళ్లదైనప్పుడు, నిండని రోజున నష్టం మీ నెత్తిన ఎందుకు పడాలన్నదే నా ప్రశ్న.

2020 మార్చి చివరి వారం గుర్తుందా? హాస్టళ్లు ఖాళీ చేయమంటే పిల్లలు పాసుల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. ఆ పాసులు పట్టుకుని వెళ్లి ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. అందరం ఆ పిల్లలనే చూశాం. ఆ భవనాల యజమానుల్లో ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. భర్త పోయాక ఆ అద్దె మీదే బతుకుతున్న మనిషి. ఏప్రిల్ నుంచి పైసా రాలేదు. ఫోను చేస్తే మేనేజరు మారిపోయాడని ఇంకొకరి నంబరు ఇచ్చారు. ఆయనా మారిపోయాడు. జూలైలో ఒక కుర్రాడు అట్టపెట్టె ఒకటి చేతిలో పెట్టి, సంతకం తీసుకుని వెళ్లాడు. అందులో అరవై రెండు తాళంచెవులు. ఏది ఏ గదిదో రాసి లేదు. ఆవిడ పెట్టెను నా టేబులు మీద బోర్లించి, "నా ఇంట్లోకి నేను వెళ్లాలంటే ఇందులో ఏది పట్టుకోవాలండీ?" అని అడిగారు. ప్లైవుడ్ గోడలు పీకిన చోట గ్రానైటు నేల నిండా మేకుల చిల్లులు. అడ్వాన్సు అప్పటికే అద్దె బాకీ కింద కరిగిపోయింది.

కాబట్టి మీరు అడగవలసింది అద్దె పెంపు కాదు. మధ్యలో వదిలి వెళ్లకూడని గడువు ఇద్దరికీ సమానంగా, కనీసం మూడేళ్లు ఉండాలి. ముందే వెళ్తే మిగిలిన నెలల అద్దె వాళ్లు కట్టాలి. గోడలు, నేల, బాత్రూములు ఇచ్చినప్పుడు ఎలా ఉన్నాయో ఫొటోలతో సహా ఒప్పందానికి జత చేయించండి. బోరు ఎండి ట్యాంకరు తెప్పిస్తే ఎవరు కట్టాలి, ఆస్తి పన్నో కరెంటు కేటగిరీయో మారితే ఆ తేడా ఎవరిది, ఇవన్నీ రాయించండి. తగాదా వస్తే మధ్యవర్తి గురుగ్రామ్‌లో కూర్చుంటాడని 36వ పేజీలో ఉంది. కొట్టేయించి హైదరాబాదు అని రాయించండి.

ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి. లేకపోతే తొమ్మిదేళ్లన్న షరతు కోర్టులో చెల్లదు. నెలవారీ అద్దెగా లెక్కించి పదిహేను రోజుల నోటీసుతో ముగించేస్తారు. ఖర్చెందుకని నోటరీతో సరిపెడదామంటారు, ఒప్పుకోకండి. అద్దె నియంత్రణ చట్టం కాపాడుతుందనీ అనుకోకండి. 1960 నాటి ఆ చట్టం హైదరాబాదులో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె జోలికే రాదు. ఇప్పుడు 3,500కు వాచ్‌మన్ గదైనా దొరుకుతుందా?

పన్నుల సంగతి క్లుప్తంగా. కంపెనీ అద్దెలో పది శాతం ఆదాయపు పన్ను కింద ముందే (టీడీఎస్) పట్టుకుంటుంది, రిటర్ను వేసి లెక్క సరిచూసుకోండి. జీఎస్టీ నమోదు ఉన్న సంస్థ నివాస గృహాన్ని అద్దెకు తీసుకుంటే, 2022 జూలై 18 నుంచి ఆ 18 శాతం కట్టవలసింది ఆ సంస్థే. మీ అద్దెలోంచి తగ్గించనివ్వకండి.

ఇంకొక్క మాట. భవనానికి అన్ని అనుమతులూ ఉన్నాయని, లేకపోతే నష్టపరిహారం ఇస్తానని 12వ పేజీలో మీ చేత హామీ రాయించుకుంటున్నారు. ప్లానులో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో మీకే తెలుసు. నేను అడగను.

ఈ మార్పులకు వాళ్లు ఒప్పుకుంటే సంతకం పెట్టండి, లేకపోతే బోర్డు మళ్లీ తగిలించండి. మోటారు వేయడానికి రోజూ కిందికి దిగడం మీకు నిజంగా కష్టమైపోయి ఉంటే మాత్రం, కాస్త తక్కువ షరతులకైనా ఇచ్చేయండి. మోకాళ్లకు కూడా ఒక లెక్క ఉంది.

ప్రశ్న: మేము అమెరికాలో జార్జియా రాష్ట్రం, అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్‌లో అద్దెకుంటున్నాం. ఇల్లు ఒక పెద్ద కంపెనీది. యజమాని ముఖం చూసింది లేదు, అంతా ఫోను యాప్‌లోనే. జూలైలో ఏసీ ఆగిపోతే ఆరు రోజులు పట్టింది. అద్దె కాక తలుపు తాళానికని, గాలి ఫిల్టరుకని నెలనెలా అదనంగా వేస్తున్నారు. మాకు తెలిసిన తెలుగాయన తన రెండో ఇల్లు తక్కువకే ఇస్తానంటున్నారు. "కంపెనీ అయితే మన సంగతులు పట్టించుకోదు, ఈయన అయితే రేపు గుడిలో అందరికీ చెబుతాడు" అని మావారి భయం. మారమంటారా?
(ఒక గృహిణి, కమ్మింగ్)

జవాబు: అమ్మా, మా అమ్మాయి ఉండేదీ మీ ఫోర్సైత్ కౌంటీలోనే. రెండు వేసవులు అక్కడ గడిపాను. వాళ్ల పక్కింటివాళ్లది కంపెనీ ఇల్లు. గాలి ఫిల్టరు పెట్టె గుమ్మం ముందు పడటం, ఆ ఇంటాయన విప్పకుండానే గ్యారేజీలో పేర్చడం చూశాను. నేను తిరిగొచ్చే నాటికి తొమ్మిది పెట్టెలు. డబ్బు కడుతున్నారు కదా, మార్చుకోవచ్చు కదా అంటే, కొలత సరిపోదని నవ్వాడు.

మీ ప్రాంతంలో కంపెనీలు ఇన్ని ఇళ్లు ఎలా సంపాదించాయో తెలుసుకుంటే సంగతి సగం అర్థమవుతుంది. 2008 సంక్షోభంలో వాయిదాలు కట్టలేనివాళ్ల ఇళ్లు వేలానికి వచ్చాయి. జార్జియాలో ఆ వేలం ప్రతి నెలా మొదటి మంగళవారం కౌంటీ కోర్టు మెట్ల మీద జరుగుతుంది. 2011, 2012 ప్రాంతాల్లో పెట్టుబడి సంస్థలు నగదుతో వచ్చి టోకున కొన్నాయి. అప్పు కోసం బ్యాంకు చుట్టూ తిరిగే మామూలు మనిషి ఆ మెట్ల మీద వాళ్లతో ఏం పోటీ పడతాడు? అమెరికా మొత్తం మీద అద్దెకున్న విడి ఇళ్లలో పెద్ద పెట్టుబడిదారుల చేతిలో ఉన్నవి దాదాపు మూడు శాతమేనని, అట్లాంటాలో మాత్రం పాతిక శాతమని అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2024 నివేదికలో పేర్కొంది. పై జవాబులో మన దగ్గర కొనడం గిట్టుబాటు కాదన్నాను చూడండి, అక్కడ ఆ రోజుల్లో గిట్టుబాటైంది.

మీ ఇల్లు ఏ కంపెనీదో నాకు తెలియదు, అడగను. బహిరంగంగా నమోదైన సంగతి ఒకటి చెబుతాను. 2024 సెప్టెంబరులో ఇన్విటేషన్ హోమ్స్ అనే పెద్ద సంస్థ, అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 4.8 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. ప్రకటించిన అద్దెలో చూపకుండా తాళం, ఫిల్టరు వంటి తప్పనిసరి రుసుములు వేసిందని, అడ్వాన్సులు అన్యాయంగా పట్టుకుందని ఆరోపణ. సంస్థ తప్పు ఒప్పుకోలేదు. కాబట్టి మీ నెలవారీ బిల్లులన్నీ దాచిపెట్టండి.

మీ చేతిలో చట్టం కొంచెం ఉంది. 2024 జూలై 1 తర్వాత రాసుకున్న లేదా పొడిగించిన ఒప్పందాలకు జార్జియాలో కొత్త చట్టం వర్తిస్తుంది. ఇల్లు మనిషి నివాసానికి తగినట్టు ఉంచాలి, అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదు, అద్దె బాకీ ఉంటే కోర్టుకెక్కే ముందు మూడు పనిదినాల నోటీసు ఇవ్వాలి. అద్దె ఎంతైనా పెంచుకోవచ్చు, అక్కడ పరిమితి లేదు. ఊళ్లు తమంతట తాము పరిమితి పెట్టుకోవడానికీ రాష్ట్ర చట్టం ఒప్పుకోదు.

ఇక తెలుగాయన. ఇక్కడ మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. జార్జియాలో అడ్వాన్సును ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, చేరేముందు ఇంట్లోని లోపాల జాబితా ఇవ్వాలి అన్న నిబంధనలు కంపెనీలకు వర్తిస్తాయి. పది లేక అంతకంటే తక్కువ ఇళ్లున్న వ్యక్తి వాటిని తానే చూసుకుంటుంటే ఆ నిబంధనల నుంచి మినహాయింపు. చిన్నవాడి మీద బరువు పెట్టొద్దని చట్టం ఉద్దేశం, కానీ ఆ బరువు మీ మీదికి దిగుతుంది. జాబితా మీరే రాయండి. గోడ మీద గీత, కార్పెట్టు మీద మరక, అన్నీ ఫొటో తీసి ఆయనకు ఈమెయిలు పంపి, "చూశాను" అని జవాబు రప్పించుకోండి. "మన తెలుగువాళ్లమే కదమ్మా, ఇవన్నీ ఎందుకు" అంటారు. తెలుగువాళ్లం కాబట్టే, రేపు మాట పట్టింపు రాకూడదని, అని చెప్పండి. ఆయన ఇల్లు అమ్మేస్తే మీ సంగతేమిటో కూడా రాయించుకోండి. చిన్న యజమానితో అసలు ప్రమాదం గుడిలో కబుర్లు కాదు. ఆయన ఉద్యోగం పోవచ్చు, కొడుకు పెళ్లి రావచ్చు. మీ ఇంటి గతి ఆయన ఇంటి గతిని బట్టి మారుతుంది.

ఇంత చేసి, మారమనే అంటాను. ఏసీ ఆగితే ఆయన ఇంటి తలుపు తట్టగలరు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో పై పోర్షనులో ఇద్దరం అమ్మాయిలం అద్దెకుంటున్నాం. కింద యజమానురాలు. పదికి గేటుకు తాళం వేస్తారు. మేము లేనప్పుడు గది తీసి చూస్తారని అనుమానం. నీళ్లు ఎక్కువ వాడుతున్నారని మోటారు కట్టేస్తారు. కంపెనీ హాస్టలుకు మారితే నయమా?
(కూకట్‌పల్లి)

జవాబు: చిన్న యజమానులను వెనకేసుకొస్తానని నా మీద పేరు. వాళ్ల జబ్బు కూడా నాకు బాగా తెలుసు. ఇల్లు అద్దెకిచ్చి కూడా తమదే అనుకోవడం.

కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో, యజమాని గదిలోకి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలని ఉంది. అది నమూనా, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది. అందాకా మీ పదకొండు నెలల కాగితంలో ఆ ముక్క చేర్పించండి. హాస్టలులోనైతే ఆఫీసువాళ్ల దగ్గర ప్రతి గదికీ ఇంకో తాళంచెవి ఉంటుంది, చూసేవాళ్లెవరో కూడా మీకు తెలియదు. హాస్టలుకు వెళ్లేముందు ఆవిడతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. గేటు తాళంచెవి ఇంకొకటి మీ ఖర్చుతో చేయించుకుంటామని అడగండి. కాదంటే అప్పుడు మారండి, అడ్వాన్సులో రంగులకు ఒక నెల అద్దె కోస్తారని లెక్క వేసుకునే మారండి.