తాండూరు కందిపప్పా, మొజాంబిక్ కందిపప్పా?

మొజాంబిక్ నుంచి వచ్చిన కందిపప్పు హైదరాబాద్‌లో కొంటే పర్యావరణానికి చేటేనా అని అడిగారు. చేటే, కానీ మీరు భయపడుతున్నంత కాదు.

టన్ను సరుకును కిలోమీటరు మోయడానికి పెద్ద ఓడ వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు 15 గ్రాములు, లారీ అయితే 100 దాకా. మొజాంబిక్‌లోని నకాలా రేవు నుంచి ముంబైకి దాదాపు 5,000 కిలోమీటర్లు, అంటే కిలోకు 75 గ్రాములు. అక్కణ్నుంచి హైదరాబాద్‌కి లారీలో 700 కిలోమీటర్లకు ఇంకో 70. సముద్రం దాటడానికి ఎంతో, ముంబై నుంచి హైదరాబాద్‌కి వచ్చే షోలాపూర్ రోడ్డుకీ దాదాపు అంతే! తాండూరు నుంచైతే 110 కిలోమీటర్లు, 11 గ్రాములు. పప్పు ఆడించినప్పుడు పోయే పొట్టు, నూక లెక్క పక్కన పెడితే, కిలోకు తేడా 134 గ్రాములు.

ఇది మీ పొయ్యి మీద ఒక్క పూటలో తేలిపోతుంది. కిలో గ్యాస్ కాలితే 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మూతలేని గిన్నెలో 45 నిమిషాలు ఉడికిస్తే చిన్న బర్నర్ మీదైనా 75 గ్రాముల గ్యాస్ ఖర్చు. అరగంట నానబెట్టి కుక్కర్లో పెడితే 15 నిమిషాలు, 25 గ్రాములు చాలు. మిగిలిన 50 గ్రాముల గ్యాసే 150 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించండి, ఆపైన కూసే ప్రతి విజిల్ ఊరికే పోయే ఆవిరే. కుక్కర్ సగానికి మించి నింపొద్దు, నురుగు పొంగి వెయిట్ రంధ్రం మూసుకుపోతుంది. చింతపండు ముందే వేస్తే పప్పు బిరుసెక్కుతుంది, ఉడికాకే వేయాలి. పాత పప్పైనా, బోరు ఉప్పునీళ్లైనా (కఠిన జలం) ఉడక్కుండా మొండికేస్తుంది.

తాండూరు కందికి 2022లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. త్వరగా ఉడుకుతుందని దానికి పేరు. నా ఓటు దానికే, కానీ దూరం తక్కువని కాదు, ఈ ఉడుకుడు గుణానికి.

అయితే ఆ పప్పు కోసమే కారు తీసి 10 కిలోమీటర్లు తిరిగితే కిలోన్నర కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఇక దిగుమతుల్లో నిజంగా వదులుకోవాల్సింది విమానంలో వచ్చే చెర్రీల్లాంటివి. పదివేల కిలోమీటర్లు ఎగిరొస్తే కిలో పండుకు 5 కిలోలు దాటుతుంది.