ఇంట్లో పుట్టిన కుందేలు పిల్లలను అమ్మితే కేసవుతుందా?

ప్రశ్న: మా పాప ముచ్చటపడిందని రెండేళ్ల కిందట రెండు కుందేళ్లు కొన్నాం. అవి పిల్లలు పెట్టి ఇప్పుడు పదహారయ్యాయి. ఇంట్లో చోటు చాలక వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెడితే కొందరు డబ్బిచ్చి తీసుకెళ్లారు. గినీ పందులు కూడా తెచ్చి వారం వారం సంతలో అమ్ముదామని మావారు అంటున్నారు. తెలిసిన ఒకాయన అడవిలో పట్టిన చెవులపిల్లులను (అడవి కుందేళ్లను) తక్కువకే ఇస్తానన్నాడు. ఇంతలో పక్కింటాయన, 'లైసెన్సు లేకుండా జంతువులను అమ్మితే కేసు పెడతారు' అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మేము చేసింది తప్పా? ఇకపై అమ్ముకోవాలంటే ఏం చేయాలి? — ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ చెవులపిల్లుల సంగతి తేల్చుకుందాం. మీ ఉత్తరంలో నిజంగా భయపడాల్సింది వాటి గురించే. మీ ఇంట్లో ఉన్నవి మనుషుల చేతుల్లో తరతరాలుగా పెరిగిన పెంపుడు కుందేళ్లు. ఆయన తెస్తానన్నవి వన్యప్రాణులు. చూడటానికి దగ్గరగానే ఉన్నా చట్టం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అడవి కుందేలు రక్షిత జంతువు. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అది రెండో షెడ్యూలులో, అంటే ఆ చట్టంలోని రక్షిత జంతువుల జాబితాల్లో ఒకదానిలో, ఉంది. ఉచ్చు పన్ని ప్రాణంతో పట్టినా ఈ చట్టం దృష్టిలో అది వేటే. అలా పట్టినదాన్ని కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 'నేను పట్టలేదు, డబ్బులిచ్చి కొన్నాను' అంటే అది మీకు రక్షణ కాదు సరికదా, నేరం ఒప్పుకున్నట్టే. వాటిని తెచ్చిన బండిని కూడా అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు. ఆయన మళ్లీ ఫోన్ చేస్తే 'మాకొద్దు' అని గట్టిగా చెప్పేయండి. రామచిలుకలు, మునియా పిట్టలు, నక్షత్ర తాబేళ్ల విషయంలోనూ అంతే. ఎవరో బహిరంగంగా అమ్ముతున్నారంటే దానికి అనుమతి ఉందని అనుకోవద్దు.

ఇక మీ కుందేళ్లు. పెంపుడు కుందేళ్లను పెంచడం మీద, అమ్మడం మీద మన దేశంలో నిషేధం లేదు. అయితే అమ్మకం వ్యాపారంగా మారితే రిజిస్ట్రేషన్ కావాలి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 కింద కేంద్రం 2018లో పెట్ షాప్ నిబంధనలు తెచ్చింది. కుక్క, పిల్లి, కుందేలు, గినీ పంది, హామ్‌స్టర్, ఎలుక జాతివి, పంజరంలో పెంచే పక్షులు వీటి కిందికి వస్తాయి. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోకుండా వీటి వ్యాపారం చేయకూడదు. చిల్లరగా అమ్మినా, టోకుగా అమ్మినా నిబంధన ఒకటే.

'మాకు షాపే లేదు కదా' అని మీకు అనిపించవచ్చు. పెట్ షాప్ అంటే బోర్డు పెట్టిన దుకాణం మాత్రమే కాదు. జంతువులను అమ్మే చోటు, అమ్మకానికి ఉంచే చోటు ఏదైనా ఆ నిర్వచనంలోకి వస్తుంది. వారపు సంతలో పెట్టే జాగాను, ఆన్‌లైన్ అమ్మకాలను కూడా నిబంధనలు పేరు పెట్టి మరీ చెప్పాయి. కాబట్టి మీవారు అనుకుంటున్న సంత వ్యాపారానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇందులో రెండో మాట లేదు.

మరి ఇప్పటిదాకా అమ్మినవాటి మాటేమిటి? అనుకోకుండా పిల్లలు పుట్టాయి, చోటు చాలక తెలిసినవాళ్లకు ఇచ్చారు, కొంత డబ్బు తీసుకున్నారు. నా అభిప్రాయంలో దీన్ని వ్యాపారం అనడం కష్టం. కానీ అదే గ్రూపులో నెలనెలా ఫొటోలు, ధరలు పెడుతూ పోతే అది వ్యాపారం కాదని వాదించడం నాకైనా కష్టమే. లాభం ఎంత వచ్చిందన్నది కాకుండా, మళ్లీ మళ్లీ అమ్ముతున్నారా, అమ్మడం కోసమే పెంచుతున్నారా అన్నది చూస్తారు. జరిగినదానికి కంగారు పడకండి. ఆ గ్రూపులో ఇంకేవైనా ప్రకటనలు మిగిలి ఉంటే మాత్రం ఈ రోజే తీసేయండి.

రిజిస్ట్రేషన్‌కు రాష్ట్ర బోర్డుకు దరఖాస్తు చేయాలి. ఎక్కడ ఇవ్వాలో, ఏయే పత్రాలు జతచేయాలో మీ జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు. ఫీజు 5,000 రూపాయలు, దరఖాస్తు తిరస్కరించినా వెనక్కి రాదు. కాబట్టి చోటు, బోనులు, నీటి వసతి సిద్ధం చేసుకున్నాకే కట్టండి. తనిఖీకి వచ్చేవాళ్లు చూసేది వాటినే. సర్టిఫికెట్ అయిదేళ్లు చెల్లుతుంది. మీ పేరున తీసుకున్నది ఇంకొకరికి బదిలీ కాదు. ఇది కాక పంచాయతీ లేదా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు వేరుగా అవసరం కావచ్చు. ప్రాణంతో ఉన్న కుందేళ్ల మీద జీఎస్టీ లేదు.

జరిమానాల గురించి కూడా మీకు చెప్పాలి. క్రూరత్వ నివారణ చట్టం కింద జంతువును హింసించిన మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దశాబ్దాల కిందటి అంకెలివి. ఇది చూసి చాలామంది 'ఓస్, ఇంతేనా' అనుకుంటారు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒకటే, జరిమానా చూసి ధీమా పడొద్దు. కేసు పెడితే జంతువులను స్వాధీనం చేసుకుని సంరక్షణ కేంద్రానికి పంపుతారు. 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం కేసు నడిచినన్నాళ్లూ వాటి మేత, వైద్యం, రవాణా ఖర్చు నిందితుడి మీద పడుతుంది. దానికి బాండు రాసివ్వాలి. కేసు ఏడాది నడిస్తే ఆ ఖర్చు ముందు జరిమానా లెక్కలోకి కూడా రాదు. మూడేళ్లలోపు రెండోసారి నేరం చేస్తే మూడు నెలల వరకు జైలుశిక్ష కూడా పడవచ్చు.

ఇలాంటి కేసులు ఎక్కువగా లైసెన్సు కాగితం దగ్గర మొదలుకావు, జంతువు ఉన్న స్థితి దగ్గర మొదలవుతాయి. అదే చట్టంలోని సెక్షన్ 11 ఒకసారి చదవండి. జంతువు కదలడానికి వీల్లేని బోనులో పెట్టడం, సరిపడా తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం, బాధ కలిగేలా మోసుకెళ్లడం అన్నీ నేరాలే. ఇరుకులో కుక్కడం వల్లో, ఆకలిదప్పుల వల్లో బాధపడుతున్న జంతువును అమ్మకానికి పెట్టడం వేరే నేరం. ఇప్పుడు సంతలో మామూలుగా కనిపించే దృశ్యం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అట్టపెట్టెలో పది పిల్లలు, ఒకదాని మీద ఒకటి. నీళ్ల గిన్నె ఉండదు. పెడితే ఒలికి పెట్టె నానిపోతుందని అసలు పెట్టరు. మధ్యాహ్నానికి ఎండ పెట్టె మీదికే వస్తుంది. కుందేలు మనలా చెమట పట్టి చల్లబడలేదు, ఎండదెబ్బకు చాలా తొందరగా పడిపోతుంది. ఆ ఒక్క పెట్టెలోనే సెక్షన్ 11లోని నాలుగైదు క్లాజులు కనిపిస్తాయి. మీరు అమ్మేది ప్రాణమున్న జీవిని. దయచేసి ఆ పెట్టె మాత్రం మీది కాకుండా చూసుకోండి.

ఇంట్లో ఉన్న పదహారింటికి కూడా ఇదే వర్తిస్తుంది. ఆడవాటిని, మగవాటిని ఇవాళే వేరు చేయండి. గుర్తుపట్టలేకపోతే పశువైద్యుడు నిమిషంలో చెబుతారు. కుందేలు చూలు 30, 31 రోజులే, పైగా ఈనిన వెంటనే మళ్లీ చూలు కట్టగలదు. పదహారు ముప్పై అయ్యాక ఏ ఇంట్లోనైనా బోనులు ఇరుకవుతాయి, అప్పుడు పక్కింటాయన ఫిర్యాదుకు బలం వస్తుంది. భరించలేక పార్కులోనో తోటలోనో వదిలేద్దామనుకుంటారేమో, అదీ నేరమే. పెంచుకున్న జంతువును ఆకలితోనో దాహంతోనో బాధపడే స్థితిలో వదిలేయడం అదే సెక్షన్ కిందికి వస్తుంది. బోనుల్లో పెరిగిన కుందేలు బయట బతకదు కూడా.

రిజిస్ట్రేషన్ వచ్చాక అమ్మిన ప్రతిసారీ రసీదు ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అందులో తేదీ, కొన్నవారి పేరు, చిరునామా, జంతువు రంగు, ఆడా మగా, పుట్టిన తేదీ, ఏమైనా మందులు వాడి ఉంటే వాటి వివరం, మీ రిజిస్ట్రేషన్ నంబరు, ఇచ్చిన సొమ్ము రాయాలి. కింద ఇద్దరి సంతకాలు. చనిపోయినవి, పుట్టినవి ఒక పుస్తకంలో రాసుకోండి. జంతువు కూడా చట్టం లెక్కలో సరుకే కాబట్టి, జబ్బు దాచి అమ్మారని కొన్నవారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఆ రోజు మీ పక్షాన మాట్లాడేవి ఈ కాగితాలే. తల్లిపాలు మానని పిల్లలను మాత్రం ఎవరు ఎంత అడిగినా ఇవ్వకండి. మేతకు అలవాటు పడకముందే వేరు చేస్తే విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో పోతాయి, వివాదం మీ గుమ్మం ముందుకు వస్తుంది.

మాంసానికి కొంటామనేవాళ్లు కూడా రావచ్చు. పెంపుడు కుందేలును ఆహార భద్రతా నిబంధనలు ఆహార జంతువుగా ఒప్పుకుంటాయి. కానీ కోసి అమ్మడానికి కబేళా నిబంధనలు, ఫుడ్ లైసెన్సు వేరు. పెట్ షాప్ రిజిస్ట్రేషన్‌తో ఆ పని చేయలేరు. ఆ రెండు వ్యాపారాలనూ కలపకండి.

అలాగే 'మా దగ్గర కుందేళ్ల యూనిట్లు కొనండి, పుట్టిన పిల్లలన్నీ మేమే తిరిగి కొంటాం' అనే ఒప్పందాలు ఎవరైనా తెస్తే సంతకం పెట్టేముందు ఏదైనా న్యాయవాదికి చూపించండి. తిరిగి కొనకపోతే ఏమిటి, డబ్బు ఎప్పుడు ఇస్తారు అన్న మాట ఒప్పందంలో లేకపోతే ఆ కాగితంతో మీకు ఒరిగేది చాలా తక్కువ.

ముందు ముందు పక్షుల మీదికి మనసు పోతే బడ్జీలు, కాకటీల్స్ లాంటి చిన్న చిలుకల వరకు పెట్ షాప్ రిజిస్ట్రేషన్ సరిపోతుంది. మకావ్, ఆఫ్రికన్ గ్రే చిలుక, ఇగువానా లాంటి విదేశీ జీవులకు మాత్రం వన్యప్రాణి చట్టంలోని నాలుగో షెడ్యూలు వర్తిస్తుంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా అక్కడ రాయించాలి.

చివరిగా ఒక హెచ్చరిక. దరఖాస్తు పెట్టిన రసీదు చూపించి అమ్మకాలు మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. రసీదు అనుమతి కాదు. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా సంతకు వెళ్లకండి, గ్రూపులో ఫొటోలు పెట్టకండి.