దేశం లెక్కలో వైద్య ఖర్చు తగ్గింది.. మరి మా ఇంట్లో?

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 85 వేలు వస్తాయి. భార్య, ఇద్దరు పిల్లలు. ఆఫీసు వాళ్లు మా నలుగురికీ కలిపి 5 లక్షల గ్రూప్ ఇన్సూరెన్స్ ఇచ్చారు. అమ్మానాన్నలు రాజమండ్రిలో ఉంటారు. నాన్నకు 72 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. ప్రైవేటు స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు, పెన్షన్ చాలా తక్కువ. అమ్మకు 67, బీపీ తప్ప వేరే ఇబ్బంది లేదు. వాళ్ల మందులకు నెలకు 4,200 పంపుతున్నాను, మూడు నెలలకోసారి టెస్టులకు ఇంకో 2,500. దేశంలో జనం జేబులోంచి పెట్టుకునే వైద్య ఖర్చు 64 శాతం నుంచి 39 శాతానికి తగ్గిందని పేపర్లో చదివాను. నాకేమో ఏటా పెరుగుతోంది! ఏజెంట్ మా నలుగురికీ 10 లక్షల పాలసీ తీసుకోమంటున్నాడు. ప్రీమియం ఏడాదికి 25 వేలు. ఆఫీసు పాలసీ ఉండగా ఇది దండగ కాదా? ఆ డబ్బు ఏటా ఎఫ్‌డీలో వేసుకుంటే పోలా?

జవాబు: పేపర్లో రాసిందీ నిజమే, మీ ఇంట్లో జరుగుతున్నదీ నిజమే. ముందు ఆ శాతాల సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే ‘దేశంలో తగ్గుతోందట కదా, మనకూ తగ్గుతుందిలే’ అన్న ధీమాతో పాలసీని వాయిదా వేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీరు చదివిన అంకెలు కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసే జాతీయ ఆరోగ్య ఖాతాల్లోవి. 2013-14లో దేశం మొత్తం వైద్యానికి పెట్టిన ఖర్చులో 64.2 శాతం జనం సొంత జేబుల్లోంచి వచ్చింది. 2021-22 నాటికి అది 39.4 శాతానికి దిగింది. ఇదే కాలంలో ప్రభుత్వాల వాటా 28.6 నుంచి 48 శాతానికి పెరిగింది.

ఇవి వాటాలు. రూపాయలు కావు. ఒక చిన్న లెక్క వేద్దాం. మొత్తం ఖర్చు 100 రూపాయలు, అందులో జనం పెట్టింది 64 అనుకోండి. ప్రభుత్వం అదనంగా మరో 100 రూపాయలు ఖర్చు పెట్టింది. మొత్తం 200 అయింది. జనం పెట్టింది అదే 64. వాటా మాత్రం 32 శాతానికి పడిపోయింది. ఎవరి జేబులోనూ ఒక్క రూపాయి మిగల్లేదు.

అసలు లెక్కల్లోనూ కొంత ఇలాగే జరిగింది. తలకు లెక్కేస్తే 2013-14లో జనం సొంతంగా పెట్టుకున్నది 2,336 రూపాయలు. 2021-22లో తలసరి మొత్తం ఖర్చు 6,602. అందులో 39.4 శాతం అంటే దాదాపు 2,600. ఎనిమిదేళ్లలో ధరలు ఎంత పెరిగాయో చూస్తే ఇది మంచి మార్పే, కాదనను. కానీ రూపాయల్లో తగ్గలేదు. ప్రభుత్వం తలకు పెట్టిన ఖర్చు 1,042 నుంచి 3,169 రూపాయలకు పెరగడం వల్లే శాతం అంత కిందికి వచ్చింది. పైగా 2021-22 కోవిడ్ కాలం. టీకాలకు, ఆసుపత్రులకు ప్రభుత్వాలు మామూలుకన్నా ఎక్కువ ఖర్చు పెట్టిన ఏడాది. కాబట్టి ఆ 39ని శాశ్వతమైన అంకె అనుకోకండి.

ఇక ప్రభుత్వం పెట్టిన డబ్బు ఎవరికి చేరుతుందన్నది రెండో సంగతి. ఆయుష్మాన్ భారత్ 2018లో మొదలైంది. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రక్షణ, ప్రధానంగా పేద కుటుంబాలకు. మన దగ్గర ఆరోగ్యశ్రీ అంతకు ముందే, 2007 నుంచే ఉంది. ఉద్యోగుల్లో నెల జీతం 21 వేల లోపు వాళ్లకు ఈఎస్ఐ. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు కంపెనీ పాలసీలు. ఈ రెండు ఒడ్డుల మధ్య మిగిలిపోయినవాళ్లు జనాభాలో కనీసం 30 శాతం, అంటే సుమారు 40 కోట్ల మంది ఉంటారని నీతి ఆయోగ్ 2021లో లెక్కకట్టింది. పేదలూ కాదు, కొనుక్కునే అలవాటూ లేదు. మీ అమ్మానాన్నలు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు. ఆఫీసు పాలసీ ఉండబట్టి మీరు ఒడ్డున ఉన్నారు, ఆ ఉద్యోగం ఉన్నంతవరకు.

మూడోది మీ ఇంటికి బాగా దగ్గరది. ప్రభుత్వ పథకమైనా ప్రైవేటు పాలసీ అయినా, చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. మీ అమ్మానాన్నల మందులకు ఏడాదికి 50,400, టెస్టులకు 10,000, మొత్తం 60,400 అవుతోంది. ఇందులో మామూలు పాలసీల నుంచి పైసా వెనక్కి రాదు. మీకు ఏటా పెరుగుతోంది అనిపిస్తున్నది ఈ ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా అయ్యే) ఖర్చే. దీన్ని ఇన్సూరెన్స్‌తో కాకుండా వేరే దారిలో తగ్గించాలి. డాక్టరుగారిని మందుల జెనరిక్ (బ్రాండ్ కాకుండా మందు అసలు) పేర్లు రాసివ్వమని అడిగి, జన ఔషధి కేంద్రంలో ధరలు కనుక్కోండి. షుగర్, బీపీ మందుల్లో చాలావాటికి అక్కడ ధర సగానికన్నా తక్కువే ఉంటుంది. డాక్టరుతో మాట్లాడకుండా మాత్రం మందు మార్చొద్దు.

మీరు ఇంకా పాత పన్ను విధానంలోనే ఉంటే ఇంకొక వెసులుబాటు ఉంది. 60 దాటిన తల్లిదండ్రుల పేరున మీరు హెల్త్ ప్రీమియం ఏదీ కట్టకపోతే, వాళ్ల వైద్య ఖర్చునే ఆదాయపు పన్ను మినహాయింపు (80డీ) కింద ఏడాదికి 50 వేల వరకు చూపించవచ్చు. షరతు ఏమిటంటే ఆ డబ్బు నగదుగా ఇవ్వకూడదు. నెలనెలా మీరు నాన్నగారికి డబ్బు పంపి, ఆయన మెడికల్ షాపులో నోట్లు ఇస్తుంటే ఆ మినహాయింపు పోయినట్టే. మీరే ఫోన్‌పే ద్వారానో కార్డు ద్వారానో షాపుకు నేరుగా కట్టి బిల్లు దాచుకోండి. కొత్త విధానంలో ఉంటే దీన్ని మర్చిపోవచ్చు.

ఇక ఎఫ్‌డీ ప్రశ్న. ఏటా 25 వేలు, 7 శాతం వడ్డీతో పదేళ్లు వేస్తే పన్ను తీయకముందు సుమారు 3.7 లక్షలు అవుతుంది. బాగానే ఉంది. కానీ మూడో ఏడాది చివర మీ చేతిలో ఉండేది 86 వేలు. ఆ ఏడాదే ఆపరేషన్ అవసరమైతే? జబ్బు పదేళ్లు ఆగి రాదు కదా. ఎఫ్‌డీ తప్పని అనడం లేదు, అది మందులకూ టెస్టులకూ పనికొచ్చే సాధనం. పాలసీ పెద్ద బిల్లుకు. ఈ రెండింటినీ ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి లెక్కలు వేయకండి.

ఆఫీసు పాలసీ ఉండగా సొంతది దండగా అంటే, కాదు. ఆఫీసు పాలసీ మీది కాదు, మీ కుర్చీది. ఉద్యోగం మానేసిన రోజున చాలా కంపెనీల్లో అది కూడా ఆగిపోతుంది. అప్పుడు 45 ఏళ్ల వయసులో, మీకూ షుగర్ వచ్చాక కొత్త పాలసీకి వెళ్తే, ముందునుంచీ ఉన్న జబ్బుల వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం) మూడేళ్ల వరకు ఉంటుంది. (2024కు ముందు నాలుగేళ్ల వరకు ఉండేది.) ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నప్పుడే మొదలుపెడితే ఆ మూడేళ్లు ఆఫీసు పాలసీ నీడలో గడిచిపోతాయి. ఐదేళ్లు వరుసగా కడితే, ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప ‘మీరు ఫలానాది చెప్పలేదు’ అన్న సాకుతో బీమా కంపెనీ క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. ఉద్యోగం మానే సమయంలో గ్రూప్ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలూ ఉంది. కానీ ఆ హడావిడిలో అది గుర్తుపెట్టుకుని గడువులోగా అడిగేవాళ్లను నేను తక్కువే చూశాను.

పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే కవర్) హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. ఏజెంట్ ఇచ్చిన 25 వేల కొటేషన్ పాతదేమో చూడండి. అందులో జీఎస్టీ కలిపి ఉంటే కొత్త కొటేషన్ అడగండి.

మీ ఆఫీసు పాలసీలో ఒక వాక్యం వెతకమంటాను: రూమ్ రెంట్ పరిమితి. 5 లక్షల కవర్‌లో రోజుకు ఒక శాతం, అంటే 5 వేల పరిమితి ఉందనుకుందాం. మీరు 8 వేల గదిలో నాలుగు రోజులు ఉన్నారు. గది బిల్లు 32 వేలు, సర్జన్, థియేటర్, డాక్టర్ విజిట్లు 1,20,000, మందులు, పరీక్షలు 90 వేలు. మొత్తం 2,42,000. బీమా కంపెనీ గదికి 20 వేలు ఇస్తుంది, అంతవరకు అందరికీ తెలుసు. కానీ గదికి కోసిన నిష్పత్తిలోనే సర్జన్, థియేటర్ బిల్లును కూడా 5/8 చేసి 75 వేలే ఇస్తుంది. మందులు, పరీక్షలకు ఈ కోత వర్తించదు, 90 వేలూ వస్తాయి. చేతికి వచ్చేది 1,85,000. గది తేడా 12 వేలే అయినా మీ జేబులోంచి పోయేది 57 వేలు. గ్లవుజులు, మాస్కుల్లాంటి వాటిని కొట్టేస్తే అది వేరే. డిశ్చార్జ్ రోజు ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర జరిగే గొడవల్లో చాలావాటి మూలం ఈ ఒక్క వాక్యమే. అందుకే 25 వేల పాలసీలో రూమ్ పరిమితి ఉంటే నేను వద్దంటాను. లేకుంటే తీసుకోండి. నెలకు 2,100 లోపే పడుతుంది, మీ జీతంలో రెండున్నర శాతం. క్లెయిమ్ వచ్చినప్పుడు ముందు ఆఫీసు పాలసీ వాడండి, మీ సొంతదాని బోనస్ (క్లెయిమ్ లేని ఏడాదికి ఇచ్చే లాభం) చెక్కుచెదరదు. పది లక్షలు చాలవనిపిస్తే, వచ్చే ఏడాది దానిమీద సూపర్ టాప్-అప్ (ఒక మొత్తం దాటిన బిల్లులకు అదనపు కవర్) చూడవచ్చు, ఈ ఏడాదికి దాని టెన్షన్ వద్దు.

అమ్మానాన్నల విషయం కొంచెం ఆలోచించి చేయాలి. 2024 అక్టోబర్ చివరి నుంచి 70 దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రక్షణ ఇస్తున్నారు. నాన్నగారికి వర్తిస్తుంది. ఆధార్‌తో ఆయుష్మాన్ యాప్‌లో నమోదు చేయించి వయవందన కార్డు తీసుకోండి. తీసుకున్నాక, రాజమండ్రిలో మీరు వెళ్లే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో, ఉంటే ఆ విభాగానికి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. కార్డు ఉండి, దగ్గర్లో తీసుకునే ఆసుపత్రి లేకపోతే ఏం లాభం? అలాగే వాళ్లిద్దరూ మీ నుంచి విడిగా ఉంటున్నారు కాబట్టి, తెల్ల కార్డు లేదని ఆగకుండా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) పథకానికి అర్హత ఉందేమో వార్డు సచివాలయంలో అడగండి. అక్కడ ఆదాయ పరిమితిని ఏడాదికి 5 లక్షల దాకా పెంచి ఉన్నారు. మిగతా షరతులు కూడా అక్కడే చెబుతారు.

అమ్మగారికి 67. ఇప్పుడు విడిగా పాలసీ తీసుకుంటే బీపీకి సంబంధించిన చికిత్సలకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. ఆ మూడేళ్లు పూర్తయ్యేసరికి ఆవిడకూ 70 వస్తాయి, వయవందన వస్తుంది. అయితే అది ఇంట్లో ఇద్దరు పెద్దలకూ కలిపి 5 లక్షలే, చెరో ఐదు కాదు. కాబట్టి ముందు మీ హెచ్‌ఆర్‌ను అడగండి: డబ్బు కడితే తల్లిదండ్రులను గ్రూప్ పాలసీలో చేర్చుకునే వీలుందా? చాలా గ్రూపుల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. దాని ప్రీమియం ఎక్కువే ఉండొచ్చు, గ్రూప్ పాలసీలకు జీఎస్టీ కూడా తీసేయలేదు. అయినా ఈ వయసులో నాకు అదే నచ్చుతుంది. చేర్చే అవకాశం సాధారణంగా రెన్యువల్ సమయంలోనే తెరుస్తారు, ఆ తేదీ కనుక్కోండి. అది కుదరకపోతే అమ్మగారికి ఒక్కరికి కో-పే (బిల్లులో కొంత వాటా మనమే కట్టుకోవడం) ఉన్న పాలసీ చూడండి. 65 దాటితే పాలసీ ఇవ్వరన్న పాత మాట ఇప్పుడు చెల్లదు, 2024లో వయసు పరిమితి తీసేశారు. 60 దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే బీమా కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో నిబంధన వచ్చింది.

వీటన్నిటితోపాటు, ఓపీ ఖర్చులకూ పాలసీ కోతలకూ కలిపి 2 లక్షలు విడిగా ఒక ఎఫ్‌డీలో ఉంచండి. ఒక్కసారిగా వద్దు, నెలకు 8 వేలు చొప్పున, వడ్డీతో కలిపి రెండేళ్లలో అవుతుంది. మీరనుకున్న ఎఫ్‌డీకి ఇదే సరైన చోటు.

కొత్త పాలసీ ప్రపోజల్ ఫారాన్ని ఏజెంట్ చేత నింపించకండి. మీకో, మీ ఆవిడకో పాత థైరాయిడ్, ఆపరేషన్, ఏదున్నా మీ చేత్తోనే రాయండి. ‘అవన్నీ ఎందుకండీ, ప్రీమియం పెరుగుతుంది’ అని ఆయన అంటే, ఏజెంటును మార్చుకోండి. మీ ఆఫీసు పాలసీ సర్టిఫికెట్‌లో రూమ్ రెంట్ ఎంత రాసి ఉందో, తల్లిదండ్రులను చేర్చడానికి ఎంత అడుగుతున్నారో నాకు పంపితే, ఆ ప్రీమియం కట్టదగినదో కాదో లెక్కేసి చెబుతాను.